విశాఖ అక్కయ్యపాలెం లెక్కల మేడం ట్యూషన్: ఏడాదిన్నర పంపించాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, వచ్చే నెల యూనిట్ టెస్టులో మార్కులు పెరగాలని ట్యూషన్ వెతుకుతుంటే ఇది మీకు పనికిరాదు, ఇంకో చోటు చూసుకోండి. మా అమ్మాయికి ఇక్కడ చేరిన మొదటి మూడు నెలలు మార్కులు పెరగలేదు సరికదా, తగ్గాయి. అయినా ఏడాదిన్నరగా అక్కడికే పంపిస్తున్నాను. ఎందుకో నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే ఇంత పొడుగైంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

నేను టైల్స్ పని కాంట్రాక్టు చేస్తాను. ఇల్లు కంచరపాలెం. అమ్మాయి 2024 జూలైలో, తొమ్మిదో తరగతి మొదట్లో ఇక్కడ చేరింది, ఇప్పుడు పది. ప్రైవేటు స్కూలు, స్టేట్ సిలబస్, ఇంగ్లీషు మీడియం. స్కూలు పేరు రాయను, కింద చెప్పబోయే జబ్బు ఆ ఒక్క స్కూలుదే కాదు కాబట్టి.

ఎనిమిదో తరగతి దాకా మాకు లెక్కల గురించి ఏ టెన్షనూ లేదు. వీక్లీ టెస్టుల్లో 25కి 22, 23 వచ్చేవి. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టడం, మిగతా సబ్జెక్టుల గురించి తిట్టడం, అంతే మా ఇంట్లో చదువు సంగతి. వేసవి సెలవుల్లో ఒకరోజు సైటుకి నాతో పాటు తీసుకెళ్ళాను. టైల్ గమ్ము బస్తాలు చూస్తూ, ఊరికే మాట వరసకి అడిగాను, "ఇక్కడ అర బస్తా ఉంది, అక్కడ మూడో వంతు బస్తా ఉంది, రెండూ కలిపితే ఎంతమ్మా" అని. టక్కుమని "రెండు బై ఐదు" అంది. పైవి పైన కలిపింది, కిందవి కింద కలిపింది. "అర బస్తాలో ఇంకొంచెం పోస్తే అర కన్నా తగ్గిపోయిందేటి?" అన్నాను. ఒక్క నిమిషం నన్ను చూసి, "ఓ, ఎల్‌సీఎం తియ్యాలి కదా" అని గోడ మీద చాక్‌పీసుతో గీకి ఐదు బై ఆరు అని సరిగ్గానే చెప్పింది.

నన్ను భయపెట్టింది ఆ మొదటి తప్పు కాదు. పద్ధతి తెలుసు, జవాబూ తెప్పించగలదు, కానీ రెండు బై ఐదు అన్నప్పుడు అది అర కన్నా తక్కువని ఆ పిల్లకి ఎక్కడా గుచ్చుకోలేదు. మా మేస్త్రీ చదువుకోలేదు, వాడికి గుచ్చుకుంటుంది.

స్కూల్లో అడిగితే లెక్కల సారు మంచిగానే మాట్లాడారు పాపం, "సెక్షన్‌కి యాభై మంది సార్, సిలబస్ అక్టోబరుకి అవ్వాలి, వెనక్కి వెళ్ళే టైం మాకు లేదు" అన్నారు. తర్వాత అక్కడే పెద్ద ఫీజు కట్టించుకునే ఎక్స్‌ట్రా క్లాసుల కాగితం చేతిలో పెట్టారు. అందులోనూ అదే మెటీరియల్, అదే సారు. నెల రోజులు కట్టాం. అదే లెక్క రెండుసార్లు చేయించారు, అంతే తేడా.

ఇక ఈ మేడం దగ్గరికి. రిటైరైన గవర్నమెంటు హైస్కూలు లెక్కల టీచరు. అక్కయ్యపాలెం మెయిన్ రోడ్డు నుంచి లోపలికి ఒక సందులో, వాళ్ళ సొంతింట్లో కింది పోర్షన్. బోర్డు లేదు, పేరు లేదు, ఆన్‌లైన్‌లో వెతికితే దొరకదు. మాకు కస్టమరు ఒకావిడ చెప్పారు. ఒక పెద్ద గది, ఒక నల్లబోర్డు, చాపలు, రాసుకోడానికి చిన్న పీటలు. బ్యాచ్‌కి పన్నెండు మంది, పదమూడో పిల్లని తీసుకోరు, ఎంత బతిమాలినా.

మొదటి రోజు ఫీజు మాట ఎత్తలేదు. తెల్లకాగితం మీద చేత్తో రాసిన పన్నెండు లెక్కలు ఇచ్చి గంట టైం ఇచ్చారు. అన్నీ ఐదు, ఆరు, ఏడు తరగతులవి. సంఖ్యారేఖ మీద 0 నుంచి 2 దాకా గీసి అందులో ముప్పావు ఎక్కడ, ఒకటింపావు ఎక్కడ గుర్తుపెట్టమన్నారు. 0.3 పెద్దదా, 0.15 పెద్దదా. మైనస్ ఏడు, మైనస్ మూడు, ఏది పెద్దది. 500 రూపాయల చీర మీద 20 శాతం తగ్గించి, ఆ తగ్గిన ధర మీద మళ్ళీ 20 శాతం పెంచితే ఎంతవుతుంది (480 అవుతుంది, మా ఆవిడ కూడా 500 అనే అంది). ప్రతి లెక్క పక్కనా ఒక ఖాళీ గడి, పైన "ఎందుకు?" అని.

మా అమ్మాయికి పన్నెండులో ఐదు వచ్చాయి. 0.15 పెద్దదని రాసింది, 15 మూడు కన్నా పెద్దది కదా. ఆ "ఎందుకు" గడుల్లో మూడు చోట్ల "మా సార్ చెప్పారు" అని రాసింది. మేడం ఆ కాగితం నా ముందు పెట్టి ఏమీ అనలేదు. నాకే సిగ్గేసి, "ఎనిమిదిలో 92 శాతం వచ్చిందండీ" అన్నాను. గోడకి అంటించిన పేపర్ కటింగ్ చూపించారు. పల్లె పిల్లలకి చదువు, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేది, 2023 నాటిది. మన దేశంలో పల్లెల్లో 14 నుంచి 18 ఏళ్ళ పిల్లల్లో మూడంకెల సంఖ్యని ఒక అంకెతో భాగించగలిగినవాళ్ళు 43 శాతం చిల్లర. "మీ అమ్మాయికి భాగహారం వచ్చు, కాబట్టి మరీ బెంగపడకండి, కానీ ఆరో తరగతి నుంచి మొదలుపెడతాను, ఒప్పుకుంటేనే చేర్చండి" అన్నారు. తొమ్మిదో తరగతి పిల్లని ఆరో తరగతి లెక్కల్లో కూర్చోబెడతారా అని ఇంటికొచ్చి మేమిద్దరం పోట్లాడుకున్నాం. మా ఆవిడే గెలిచింది, చేర్చాం.

ఇప్పుడు అక్కడ ఏం చేస్తారో రాస్తాను, అసలు రివ్యూ ఇదే.

ప్రతి పిల్లకీ ఒక తప్పుల పుస్తకం ఉంటుంది. 200 పేజీల లాంగ్ నోట్‌బుక్కు. ఎడమ పేజీలో తప్పు చేసిన లెక్క చేసినట్టే ఉండాలి, కొట్టేయకూడదు, చెరపకూడదు. రబ్బరు గుమ్మం దగ్గర డబ్బాలో వేసి లోపలికి రావాలి, చెప్పులు విడిచినట్టు. కుడి పేజీలో ఎక్కడ జారింది, ఎందుకు జారింది, సొంత మాటల్లో రాయాలి. తెలుగైనా ఇంగ్లీషైనా పర్వాలేదు. వారం తర్వాత అదే రకం లెక్క అంకెలు మార్చి ఇస్తారు, నెల తర్వాత మళ్ళీ ఇస్తారు. రెండుసార్లూ సరిగ్గా వస్తేనే ఆ పేజీ మూల మడుస్తారు.

మా అమ్మాయి పుస్తకంలో రెండో పేజీ నేను ఫోటో తీసి దాచుకున్నాను. లెక్క ఏంటంటే మూడు ఎక్స్ ఈక్వల్స్ పన్నెండు. అమ్మాయి జవాబు ఎక్స్ ఈక్వల్స్ తొమ్మిది. మూడుని అటు పంపింది, అటు వెళ్తే మైనస్ అవుతుంది కదా, పన్నెండు మైనస్ మూడు తొమ్మిది. కుడి పేజీలో తన మాటల్లో, "అటు వెళ్తే మైనస్ అవుతుంది అని గుర్తుంది. ఏది అటు వెళ్తే అనేది గుర్తులేదు" అని రాసింది. దాని కింద మేడం ఎర్ర ఇంకుతో "ఏదీ అటు వెళ్ళదు" అని ఒక్క ముక్క రాశారు.

అదేంటా అనుకున్నాను. నేను చదువుకున్నప్పుడు దీన్ని పక్షాంతరం చేయడం అనేవాళ్ళు, మాకూ అటు వెళ్తే గుర్తు మారుతుందనే చెప్పారు. మేడం దగ్గర పాతకాలం కిరాణా కొట్టు త్రాసు ఉంది, రెండు పళ్ళేలది. మూడు ఒకేలాంటి గుడ్డ సంచులు ఒక పళ్ళెంలో, పన్నెండు గోళీలు ఇంకో పళ్ళెంలో. ఒక్కో సంచిలో ఎన్ని గోళీలున్నాయి? ఆ పిల్లలు ఎవరూ పన్నెండులోంచి మూడు తీసేయలేదు, మూడు భాగాలు చేశారు. ఇంకోరోజు రెండు సంచులూ విడిగా ఐదు గోళీలూ ఒకవైపు, పదమూడు గోళీలు ఇంకోవైపు. ఇటు ఐదు తీస్తే అటూ ఐదు తీయాలి, లేకపోతే పళ్ళెం లేచిపోతుంది. అటు వెళ్ళడం లేదు, ఇటు రావడం లేదు, రెండువైపులా ఒకే పని చేస్తున్నాం. రెండు రోజులు ఆ త్రాసుతోనే గడిపారు. స్కూల్లో అయితే ఈ టైంకి ఒక చాప్టర్ అయిపోతుంది, నిజమే.

తర్వాత నన్ను కూడా ఇరికించారు. ఫీజు కట్టడానికి వెళ్తే, "మీది టైల్స్ పని కదా, వేస్టు ముక్కలుంటే నాకు కొలతకి కోసి ఇస్తారా" అని అడిగారు. పది బై పది అంగుళాలది ఒకటి, పది బై మూడువి రెండు, మూడు బై మూడుది ఒకటి. దేనికో చెప్పలేదు. కోసి, అంచులు రుద్ది, పిల్లల చేతులు కోసుకోకుండా టేపు వేసి ఇచ్చాను. ఆరోజు గుమ్మం దగ్గరే నిలబడి చూశాను.

బోర్డు మీద ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్ అని రాసి ఎంత అని అడిగారు. అందరూ కోరస్‌గా ఏ స్క్వేర్ ప్లస్ టూ ఏబీ ప్లస్ బీ స్క్వేర్ అన్నారు, నిద్రలో లేపినా చెప్తారు. సరే, పదమూడు స్క్వేర్ కట్టండి, పది ప్లస్ మూడుగా అన్నారు. పన్నెండు మందిలో నలుగురు 109 అన్నారు. నూరు, తొమ్మిది కలిపేశారు. అప్పుడే కదా ఫార్ములా చెప్పారు! మేడం కింద చాక్‌పీసుతో పదమూడు అంగుళాల చదరం గీసి, ఆ పెద్ద ముక్క ఒక మూల పెట్టి, చిన్న ముక్క ఎదురు మూల పెట్టి, "109 అయిపోయింది, మిగతా నేలంతా ఎవరు కప్పుతారు?" అన్నారు. ఒక పిల్లాడు లేచి ఆ రెండు పట్టీలు తీసి అటొకటి ఇటొకటి పెట్టాడు. ముప్పై, ముప్పై. 169. సరిగ్గా కూర్చున్నాయి, నేను కోసినవి కదా. నిజం చెప్పాలంటే ఆ టూ ఏబీ ఎక్కణ్ణుంచి వస్తుందో నాకూ ఆరోజే తెలిసింది. ఇరవై ఏళ్ళుగా గదుల అంచుల్లో ఆ పట్టీలే కోస్తున్నాను.

ఇది చదివి మేడం నాకు తెలిసినావిడ కాబట్టి పొగుడుతున్నా అనుకుంటారేమో, ముక్కలు ఇచ్చినందుకు ఫీజులో రూపాయి తగ్గించలేదు. టీ ఇచ్చారు.

శుక్రవారం పాత లెక్కలు చేయిస్తారు. అయిపోయిన చాప్టర్లలోంచి ఎనిమిది లెక్కలు కలగాపులగంగా ఇస్తారు, ఏది ఏ చాప్టరో చెప్పరు. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ నా లెక్కలో అన్నిటికన్నా పనిచేసింది ఇదే. స్కూల్లో ఒక ఎక్సర్‌సైజులో ఇరవై లెక్కలుంటే ఇరవైకీ ఒకటే పద్ధతి, పిల్ల లెక్క చదవనక్కర్లేదు, అంకెలు ఏరుకుని పైనున్న మోడల్లో వేస్తే చాలు. ఇక్కడ ముందు లెక్క చదవాలి, ఇది దేని గురించి అని ఆలోచించాలి. మొదటి నెల మా అమ్మాయికి ఎనిమిదిలో రెండు వచ్చేవి, ఏడుస్తూ బండెక్కేది. స్కూలు టెస్టుల్లో కూడా అప్పుడే 25కి 14కి పడిపోయింది, ఎందుకంటే అక్కడ కళ్ళు మూసుకుని చేసేవి ఇప్పుడు ఆగి ఆలోచిస్తోంది, టైం చాలడం లేదు. దసరా సెలవులకి మానిపించేద్దామనే అనుకున్నాం. మేడంకి ఫోన్ చేస్తే "సంక్రాంతి దాకా ఆగండి, అప్పుడు మీ ఇష్టం" అని పెట్టేశారు.

భాష గురించి ఒక మాట. పిల్లలంతా ఇంగ్లీషు మీడియమే, స్టేట్ సిలబస్ పుస్తకాల్లో ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఉంటాయి కానీ తెలుగు పేజీ ఎవరూ చూడరు. మేడం తెలుగులోనే చెప్తారు, పదాలు రెండూ రాయిస్తారు. మొదట్లో నాకు నచ్చలేదు, రేపు ఇంటర్‌లో ఇంగ్లీషే కదా అని. తర్వాత ఒకరోజు అమ్మాయి అంది, "నాన్నా, ఐసోసెలిస్ అంటే ఏంటో ప్రతిసారీ మర్చిపోయేదాన్ని, సమద్విబాహు అంటే అందులోనే ఉంది కదా, సమానమైన రెండు భుజాలు అని." ఊర్ధ్వకోణం, నిమ్నకోణం కూడా అంతే, పైకి చూసేది, కిందికి చూసేది. నాకైతే ఇంకోటి నచ్చింది. జామెట్రీ బాక్సులో సెట్ స్క్వేర్లని పుస్తకంలో మూలమట్టాలు అంటారు. మా పనిలో గోడ మూల చూసే దాన్నీ మూలమట్టమే అంటాం. అమ్మాయికి నా సంచిలో ఉన్న ఇనప మూలమట్టమూ తన డబ్బాలో ఉన్న ప్లాస్టిక్‌దీ ఒకటే అని తెలిసేసరికి తొమ్మిదో తరగతి వచ్చింది.

2024 డిసెంబర్ 22 గణిత దినోత్సవం ఆదివారం పడింది. ఆరోజు పిల్లల్ని బీచ్‌కి తీసుకెళ్ళారు, పేరెంట్స్ మేమే బళ్ళ మీద దింపాం. ఒడ్డున మ్యూజియంగా పెట్టిన కుర్సుర సబ్‌మెరైన్ పక్కన రోడ్డు వైపు నుంచి అడుగులు వేస్తూ దాని పొడవు కట్టాలి. ముందు పది అడుగులు వేసి టేపుతో కొలిచి ఒక్కో అడుగు ఎంతో తేల్చుకున్నారు. మా అమ్మాయిది 62 సెంటీమీటర్లు. 144 అడుగులు, అంటే 89 మీటర్ల చిల్లర. అసలు పొడవు 91.3 మీటర్లు. రెండు మీటర్లు ఎక్కడ పోయాయి అని మిరపకాయ బజ్జీలు తింటూ అరగంట వాదించుకున్నారు. ఆకలేసి అడుగులు పెద్దవైపోయాయని ఒకడు అన్నాడు, నాకు అదే కరెక్టనిపించింది.

పదిలోకి వచ్చాక త్రికోణమితిలో ఇలాంటిదే ఇంకొకటి జరిగింది. కోణమాని తీసుకుని, దాని అడ్డగీత వెంట కూల్‌డ్రింక్ స్ట్రా అంటించి, మధ్యలోంచి దారానికి ఒక నట్టు వేలాడదీసి, ఆ సందులోనే ఉన్న ఐదంతస్తుల అపార్టుమెంటు ఎత్తు కట్టమన్నారు. గోడకి 20 మీటర్ల దూరంలో నిలబడి స్ట్రాలోంచి పిట్టగోడ అంచు చూస్తే 38 డిగ్రీలు. టాన్ 38 అంటే 0.78, ఇరవైతో గుణిస్తే 15.6, అమ్మాయి కంటి ఎత్తు 1.4 కలిపితే 17 మీటర్లు. అక్కడితో అయిపోలేదు. వాచ్‌మన్ని అడిగి మెట్లు లెక్కపెట్టించారు. 108 మెట్లు, ఒక్కోటి పదిహేనున్నర సెంటీమీటర్లు, పైన మీటరు పిట్టగోడ. 17.7 మీటర్లు వచ్చింది. డెబ్భై సెంటీమీటర్లు తేడా. దారం ఊగుతున్నప్పుడు ఒక్క డిగ్రీ తక్కువ చదివితే అక్కడ 57 సెంటీమీటర్లు పోతుందని వాళ్ళే కట్టి కనుక్కున్నారు. పబ్లిక్ పరీక్షలో ఈ చాప్టరు నుంచి లెక్క వస్తే బొమ్మ గీసి జవాబు రాస్తారు, అంతకన్నా ఏముంది. కానీ ఇంటికొచ్చి ఒక డిగ్రీ గురించి అంతసేపు మాట్లాడిన పిల్లని నేను అంతకుముందు చూడలేదు.

సరే, బాగోలేనివి.

పార్కింగ్ లేదు. సందు ఇరుకు, సాయంత్రం ఏడింటికి బళ్ళన్నీ ఒకేసారి వస్తాయి, ఎదురింటాయన రోజూ గొడవే. దోమలు. కరెంటు పోతే ఇన్వర్టరు లేదు, ఎమర్జెన్సీ లైటు వెలుగులో చెప్తారు. చాపల మీద గంటన్నర కూర్చోలేని పిల్లలకి కష్టం, ఒక బెంచీ అయినా వెయ్యొచ్చు.

కార్తీకమాసంలో పన్నెండు రోజులు తీర్థయాత్రలకి వెళ్ళిపోతారు. బదులు ఎవరూ ఉండరు, ఫీజు తగ్గించరు. ఫోన్ చేస్తే చాలాసార్లు ఎత్తరు, వాట్సాప్ చూడరు, రిపోర్టు పంపరు. ఏదైనా తెలుసుకోవాలంటే తప్పుల పుస్తకం తిరగెయ్యాలి, లేదా ఏడింటికి వెళ్ళి నిలబడాలి.

నోరు కొంచెం దురుసు. ఎనిమిదో ఎక్కం తడబడిందని ఒక పిల్లాణ్ణి అందరి ముందూ అన్న మాట నాకు నచ్చలేదు, వాడు రెండు రోజులు రాలేదు. నేను వెళ్ళి చెప్పాను, "మేడంగారూ, తప్పు చేస్తే పర్లేదని మీరే అంటారు, మళ్ళీ ఇలా అంటే ఎలా" అని. "నలభై ఏళ్ళ అలవాటండీ, చూస్తాను" అన్నారు. తగ్గింది. పూర్తిగా పోలేదు.

చురుగ్గా ఉండే పిల్లలకి ఇది కొంచెం నెమ్మది అనిపించొచ్చు. వాళ్ళకి వేరే కష్టమైన లెక్కలు ఇస్తారు, పక్కవాడికి ఎందుకో చెప్పమంటారు, కొందరికి అది ఇష్టం, ఒకబ్బాయి మాత్రం మానేశాడు. ఐఐటీ ఫౌండేషన్, ఒలింపియాడ్ లాంటివి ఇక్కడ లేవు, అడిగితే నవ్వుతారు. సీబీఎస్ఈ పిల్లలు ముగ్గురు ఉన్నారు కానీ వాళ్ళ పేపర్లు ప్రత్యేకంగా చేయించరు. మన స్టేట్‌లో కూడా ఇప్పుడు పదికి వాళ్ళు చదివే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకమే కాబట్టి పాఠాలవరకు ఇబ్బంది లేదు.

పదో తరగతి తల్లిదండ్రులకి ఉండే కంగారు నాకూ ఉంది. వంద మార్కుల పేపరు, 33 ప్రశ్నలు, అందులో ఎనిమిదేసి మార్కులవి ఐదు, అంటే 40 మార్కులు వాటికే. మిగతా చోట్ల సెప్టెంబరు నుంచే మోడల్ పేపర్ల మీద మోడల్ పేపర్లు. ఇక్కడ డిసెంబరు దాకా ఒక్క పేపరు ముట్టరు. మా తోడల్లుడు రోజూ ఫోన్ చేసి భయపెడుతుంటాడు, వాళ్ళవాడు ఇప్పటికి పదిహేను పేపర్లు రాశాడట. డిసెంబరులో మొదలుపెట్టాక మాత్రం వారానికి రెండు, టైం పెట్టి రాయిస్తారు, ఒక్కో ఎనిమిది మార్కుల లెక్కకీ ఏ మెట్టుకి మార్కు పడుతుందో చెప్తారు, ఎన్నో ఏళ్ళు పబ్లిక్ పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళినావిడ కదా. ఇంకో నెల ముందు మొదలుపెడితే బాగుంటుందని నా అభిప్రాయం. చెప్పాను, వినలేదు.

మార్కులు అడుగుతారు కదా, చెప్తాను. తొమ్మిదో తరగతి మొదటి సమ్మేటివ్‌లో, అంటే స్కూలు పెద్ద పరీక్షలో, వందకి 54. చివర్లో 68. ఈ ఏడు పదిలో మొదటి సమ్మేటివ్‌లో 77. తొంభైలు కాదు. ఎనిమిదిలో వచ్చిన 92 శాతం ఇంకా రాలేదు, వస్తుందో లేదో తెలీదు. మా ఆవిడకి 77 చాలదు. నాకు చాలు, ఎందుకో కింద రాస్తాను.

ఫీజు తొమ్మిదికి నెలకి 1,200, పదికి 1,500. అడ్వాన్సు లేదు, నెల మధ్యలో చేరితే సగమే. సోమవారం నుంచి శనివారం, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు. శనివారం మూడు తరగతులనీ కలిపి కూర్చోబెడతారు, ఆరోజు సంతలా ఉంటుంది. పదో తరగతి పిల్లల్ని జనవరిలో తీసుకెళ్తే చేర్చుకోరు, "మూడు నెలల్లో నేను చెయ్యగలిగింది ఏమీ లేదు, మీ డబ్బులు దండగ" అని మొహం మీదే చెప్తారు. నా ఎదురుగానే ఒకాయన్ని అలా పంపించారు. ఎనిమిది, తొమ్మిదిలో చేర్చండి.

నేను ఐదుకి నాలుగు ఇస్తాను. పార్కింగుకీ కార్తీకమాసానికీ కలిపి ఒకటి తీసేశాను.

మొన్న దీపావళి సెలవుల్లో అమ్మాయి సైటుకి వచ్చింది. మర్రిపాలెం దగ్గర ఒక ఇల్లు, బెడ్‌రూం 11 అడుగుల 4 అంగుళాలు, 9 అడుగుల 8 అంగుళాలు. రెండు బై రెండు అడుగుల విట్రిఫైడ్ టైల్స్. నేను ఎప్పుడూ చేసేదే చేశాను, ఏరియా కట్టి నాలుగుతో భాగిస్తే 27 చిల్లర, పది శాతం వేస్టేజీ కలిపితే 30 దాటింది, 31 టైల్స్ అని రాసుకున్నాను. "పది శాతమే ఎందుకు నాన్నా?" అంది. ఎప్పటినుంచో అంతే అన్నాను. అన్నాక నాకే ఆ "మా సార్ చెప్పారు" గుర్తొచ్చింది.

అట్టముక్క తీసుకుని గది గీసింది. ఇటు ఐదు టైల్స్ పోగా 1 అడుగు 4 అంగుళాలు మిగిలింది, కాబట్టి ఆరు. అటు నాలుగు పోగా 1 అడుగు 8 అంగుళాలు, కాబట్టి ఐదు. ఆరైదుల ముప్పై. ఏరియాతో పనిలేదు నాన్నా, ముక్క కావాలన్నా టైలు మొత్తం కొయ్యాలి కదా అంది. తర్వాత కోయగా మిగిలిన పట్టీలు కట్టింది, ఒకవైపు ఎనిమిది అంగుళాలవి, ఇంకోవైపు నాలుగు అంగుళాలవి. గోడల అడుగున చుట్టూ వేసే స్కర్టింగ్ పట్టీ నాలుగు అంగుళాలే కదా, ఎనిమిదివి రెండేసి చేస్తే మొత్తం 31 అడుగుల 4 అంగుళాల స్కర్టింగ్ వస్తుంది. గది చుట్టూ 42, తలుపు మూడు తీస్తే 39. ఇంకా ఏడు అడుగుల 8 అంగుళాలు తక్కువ, ఒక్క టైలు కోస్తే పన్నెండు అడుగులు. ముప్పై ఒకటి.

"చూశావా, నేను చెప్పిందీ 31 కదా" అన్నాను, కొంచెం గర్వంగానే.

"నీది ఈ గదికి కలిసొచ్చింది నాన్నా" అంది. "పక్క గది కట్టి చూద్దాం పద."

పక్క గదికి నాది రెండు టైల్స్ తక్కువ వచ్చింది. పగుళ్ళకి ఇంకొకటి వేసుకుని మూడు ఎక్కువ తెప్పించాను. కొత్తగా చేర్చేవాళ్ళు ఎవరైనా ఉంటే ఒక మాట, మేడం టైల్ ముక్కలు అడిగితే నాకు చెప్పండి, ఇంట్లో ఇంకో పెట్టె ఉంది.